స్మోకర్‌కి వైర్‌లెస్ థర్మామీటర్: డబ్బా మీద రాసిన దూరం చూసి కొనకండి

నమస్తే అండి. స్మోకర్ అంటే తక్కువ సెగ మీద, పొగలో గంటల తరబడి మాంసం వండే మూత ఉన్న పొయ్యి. దానికి వాడే వైర్‌లెస్ థర్మామీటర్లు బల్ల మీద మూడు రకాలు పెట్టాను, చూడండి. ఈ చిన్న స్టీలు పుల్లకి తీగే లేదు, నేరుగా ఫోన్‌కి బ్లూటూత్‌లో మాట్లాడుతుంది. మీటర్ ప్లస్ (MEATER Plus) లాంటివి ఈ రకం. రెండోది, మాంసంలోకి తీగ ఉన్న ప్రోబ్ (వేడి కొలిచే పుల్ల) వెళ్తుంది, గ్రిల్ బయట ఒక పెట్టె ఉంటుంది, అది మన దగ్గరున్న రిసీవర్‌కి రేడియోలో టెంపరేచర్ పంపిస్తుంది. థర్మోప్రో టీపీ20, థర్మోవర్క్స్ స్మోక్ ఈ కోవలోవి. మూడోదీ తీగలున్నదే, కాకపోతే రిసీవర్ బదులు ఇంట్లో వైఫైకి కలుస్తుంది.

ఏది కొనాలి అని అడిగేవాళ్ళని నేను ముందు అడిగేది, మీరేం వండుతారు అని. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు మొదలుపెట్టేది చికెన్‌తోనే. తర్వాత మేక తొడ. ఆ పైన టెక్సస్ గాలి తగిలి పోర్క్ షోల్డర్, అంటే పంది భుజం మాంసం, తినేవాళ్ళయితే బ్రిస్కెట్, అంటే ఆవు రొమ్ము మాంసం. చికెన్‌కి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాం కాబట్టి ఏ థర్మామీటరైనా నడిచిపోతుంది. ఎనిమిది పౌండ్ల షోల్డర్‌ని 225 ఫారెన్‌హీట్ సెగ మీద పెడితే పన్నెండు గంటలు దాటుతుంది. రాత్రి నిద్రపోవాలి కదా! అసలు పరీక్ష అక్కడే.

బ్లూటూత్ పుల్లలో రేడియో మూతకి లోపలే ఉంటుంది. చుట్టూ ఇనుము. మూత సందుల్లోంచి, గాలి కంతల్లోంచి ఎంత సిగ్నల్ బయటపడితే అంతే. ఆ తర్వాత ఇటుక గోడ, ఫ్రిజ్, మెట్లు. డబ్బా మీద రాసే దూరం అడ్డేమీ లేని మైదానం లెక్క, మీ బెడ్రూమ్ లెక్క కాదు. అదే తీగ ఉన్న రకంలో రేడియో మూత బయట ఉంటుంది, ఇనుము గొడవే లేదు. పైగా వీటిలో చాలావాటి రేడియో బ్లూటూత్ కన్నా తక్కువ ఫ్రీక్వెన్సీలో నడుస్తుంది, గోడలని బాగా దాటుతుంది. మీటర్ ప్లస్‌లో ఛార్జర్ పెట్టె తానే సిగ్నల్‌ని అందుకుని ముందుకు పంపుతుంది, కాబట్టి దాన్ని వంటింట్లో పెట్టి మర్చిపోకుండా స్మోకర్ దగ్గరే ఉంచండి.

వైఫై రకం కొంటే రెండు సంగతులు చూసుకోండి. చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌కే కలుస్తాయి, 5కి కలవవు. సెటప్‌లో జనం తిప్పలు పడేది అక్కడే. రెండోది, అర్ధరాత్రి ఇంటర్నెట్ పోతే ఫోన్‌కి అలారం రాదు. పెట్టె తనంతట తనే గట్టిగా కూసేదై ఉండాలి.

ఇప్పుడు యాప్‌ల సంగతి. "ఇంకా రెండు గంటల్లో అయిపోతుంది" అని చెప్పే యాప్ కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. షోల్డర్ గానీ బ్రిస్కెట్ గానీ 150 నుంచి 170 ఫారెన్‌హీట్ మధ్య ఎక్కడో ఆగిపోతుంది, గంటల తరబడి ముల్లు కదలదు. దీన్నే స్టాల్ అంటారు. మాంసం పైన చెమ్మ ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది, మట్టి కూజాలో నీళ్ళు చల్లబడినట్టే. అప్పటిదాకా చక్కగా ఎక్కిన గ్రాఫ్ చూసి యాప్ చెప్పిన లెక్క అక్కడ తప్పుతుంది. కొత్తవాళ్ళు థర్మామీటర్ పాడైందనుకుని టెన్షన్ పడి బొగ్గులు ఎగదోస్తారు. వద్దండి. ఓపిక పట్టండి, లేదా ఫాయిల్‌లో గానీ బుచర్ పేపర్‌లో గానీ చుట్టేయండి, కదులుతుంది. 195 దాటి 205 లోపు, పుల్ల గుచ్చితే వెన్నలో దిగినట్టు దిగాలి. చుట్టాలకి భోజనం టైము మాత్రం యాప్‌ని చూసి చెప్పకండి!

ఇంకోటి, ఈ యాప్‌లలో ముందే పెట్టి ఉంచే టార్గెట్‌లు మన నోటికి పనికిరావు. లాంబ్ అని నొక్కితే మీడియం రేర్, అంటే లోపల ఎర్రగా ఉండేంత సగం ఉడుకు, చూపిస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కలో మేక, గొర్రె ముక్కలకి 145, పైన మూడు నిమిషాల విరామం చాలు, తినడానికి భద్రమే. కానీ మనకి తొడ మాంసం ఎముక నుంచి ఊడి రావాలి, దానికి 190 దాటించాలి. టార్గెట్‌ని మన ఇష్టప్రకారం మార్చుకునే వీలు ఉందో లేదో చూసి కొనండి. చికెన్‌కి బేరం లేదు, 165. సెల్సియస్‌లో 74.

ప్రోబ్ ఒక్కటే ఉన్నది వద్దు, కనీసం రెండు కావాలి. మూత మీదున్న గుండ్రటి మీటర్ పైనెక్కడో గాలిని కొలుస్తుంది, మాంసం కింద జాలీ దగ్గర ఉంటుంది. రెండో ప్రోబ్‌ని జాలీకి క్లిప్ చేసి, మాంసానికి రెండంగుళాల దూరంలో పెట్టండి. తీగలేని పుల్లల్లో గాలిని కొలిచే సెన్సర్ చల్లటి మాంసానికి ఆనుకునే ఉంటుంది కాబట్టి మొదటి గంటల్లో తక్కువ చూపిస్తుంది. మాంసంలో గుచ్చేటప్పుడు దళసరి చోట గుచ్చండి, ఎముకకి తగలనివ్వకండి.

డబ్బా విప్పగానే చేయాల్సిన పని ఇది. స్టీలు గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, ఐసు సందులు నిండేంత మాత్రం నీళ్ళు పోయండి. తిప్పి, ప్రోబ్ కొన అడుగుకి, అంచుకి తగలకుండా మధ్యలో పట్టుకోండి. ఇదిగో, 33 చూపిస్తోంది. 32 రావాలి, ఒకటి రెండు డిగ్రీల తేడా ఫర్వాలేదు. ఐదు తేడా వస్తే వాపసు ఇచ్చేయండి. మరిగే నీళ్ళతో చూసేవాళ్ళు డెన్వర్‌లో ఉంటే 212 కోసం ఎదురుచూడకండి, ఆ ఎత్తులో నీళ్ళు 202 దగ్గరే మరుగుతాయి.

వేడి హద్దు కూడా చదవండి. మీటర్ ప్లస్ లోపలి సెన్సర్ 212 దాకా, బయటి సెన్సర్ 527 దాకా తట్టుకుంటుంది. నిప్పుల మీద నేరుగా కాల్చేముందు లాగేయాలి. తందూర్‌లోకైతే అసలు వద్దు. తీగ రకాల్లో ప్రోబ్‌కి తీగ కలిసే చోట నీళ్ళు పోతే కథ ముగిసినట్టే, సింకులో నానబెట్టకుండా తడిగుడ్డతో తుడవండి.

నా ఓటు రాత్రంతా వండేవాళ్ళకి తీగ ప్రోబ్, రేడియో రిసీవర్ ఉన్న రకానికే. రెండు ప్రోబ్‌లవి వంద డాలర్ల లోపే దొరుకుతాయి. చూడ్డానికి నాజూగ్గా ఉండదు, తీగలు చిక్కుపడతాయి, అయినా తలగడ పక్కన కూస్తుంది. కోడిని చువ్వకి గుచ్చి గుండ్రంగా తిప్పే రోటిసరీ ఉంటే మాత్రం మరో మాట లేదు, తీగలేని పుల్లే. తీగ ఉంటే చువ్వకి చుట్టుకుపోతుంది.

హైదరాబాద్, విజయవాడ నుంచి చూస్తున్నవాళ్ళు మేడ మీద టిక్కాలు, లెగ్ పీసులు కాల్చుకునేట్టయితే ఇవేవీ కొనకండి. ఈ పుల్ల కనీసం రెండంగుళాలు మాంసంలోకి దిగాలి, టిక్కా ముక్కలో అంత చోటేది? గుచ్చి క్షణాల్లో చూసి తీసేసే మామూలు ఇన్‌స్టంట్ రీడ్ థర్మామీటర్ తెచ్చుకోండి, చాలు.