ఇది పిల్లల్ని దింపేసి వెళ్లిపోయే క్లాసు కాదు

అందరికీ నమస్కారం. తెలుగు బడి అయ్యేసరికి పిల్లలకి ఆకలి వేస్తుంటుంది కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. అమెరికాలో స్కూళ్లు తెరిచే రోజుల్లో చాలామందికి కబ్ స్కౌట్స్, అంటే చిన్న పిల్లల స్కౌటింగ్ కార్యక్రమం గురించి కాగితమో, ఈమెయిలో వస్తుంది. ఈసారి దాన్ని పక్కన పడేయకండి.

కిండర్‌గార్టెన్ నుంచి ఐదో తరగతి దాకా చేరవచ్చు. 2018 నుంచి అమ్మాయిల్నీ తీసుకుంటున్నారు. మొత్తం బృందాన్ని ప్యాక్ అంటారు, అందులో ఒక తరగతి పిల్లలంతా ఒక డెన్. కిండర్‌గార్టెన్ వాళ్లు లయన్లు, ఒకటో తరగతి వాళ్లు టైగర్లు, ఈ రెండు వయసుల వాళ్లతో అమ్మో నాన్నో ప్రతి మీటింగులోనూ పక్కనే ఉండాలి. నేను మిమ్మల్ని చేరమనేది ముఖ్యంగా ఇందుకే. మ్యాథ్ క్లాసుకీ, కూచిపూడికీ, స్విమ్మింగుకీ పిల్లల్ని దింపుతాం, కార్లో ఫోను చూసుకుంటూ కూర్చుంటాం, మళ్లీ ఎక్కించుకుని ఇంటికి వస్తాం, వారమంతా ఇదే తిరుగుడు. ఇక్కడ మాత్రం టెంటు వేసేటప్పుడు తాడు రెండో కొస మీ చేతిలోనే ఉంటుంది.

పైన్‌వుడ్ డెర్బీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 1953లో కాలిఫోర్నియాలోని మన్‌హటన్ బీచ్‌లో మొదలైన పోటీ ఇది. ఒక చెక్క ముక్క, నాలుగు చక్రాలు ఇస్తారు, వాటితో బొమ్మ కారు చేసి వాలు ట్రాక్ మీద వదలాలి, బరువు మామూలుగా 5 ఔన్సులు దాటకూడదు. మనవాళ్లలో ఇంజనీర్లు ఎక్కువ కదా, ఘర్షణ ఎలా తగ్గించాలా అని అర్ధరాత్రి దాకా కూర్చుని మొత్తం కారు తామే చేసేస్తారు. దయచేసి అలా చేయకండి. రంపం పని మీరు చూసుకోండి, గరుకు కాగితంతో రుద్దడం, రంగు వేయడం పిల్లలకే వదిలేయండి, వంకరగా వచ్చినా సరే. చేతనైనంత బాగా చెయ్యి అన్నదే కబ్ స్కౌట్ల నినాదం, పక్కవాడికంటే బాగా అని అందులో ఎక్కడా లేదు.

మీటింగులు చర్చిలో జరుగుతాయట కదా అని అడుగుతుంటారు. చాలా ప్యాకులకు చర్చిలు చోటిస్తాయి, అంతే. స్కౌట్లు చేసే ప్రమాణంలో దేవుడి మాట వస్తుంది, ఏ దేవుడన్నది మీ ఇంటి ఇష్టం, హిందూ పిల్లలకు ధర్మ అనే ఎంబ్లం, అంటే తమ మతం గురించి నేర్చుకున్నందుకు ఇచ్చే గుర్తింపు, కూడా ఉంది. క్యాంపులో తిండికి టెన్షన్ అక్కర్లేదు, శాకాహారులమని ముందే చెప్పండి, పులిహోర పట్టుకెళ్లండి, నలుగురికీ సరిపడా అయితే ఇంకా మంచిది. భద్రత విషయానికొస్తే, ప్రతి కార్యక్రమంలో కనీసం ఇద్దరు రిజిస్టరైన పెద్దవాళ్లు ఉండాలన్నది కచ్చితమైన నియమం, తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు.

బీ ఎ స్కౌట్ వెబ్‌సైట్లో మీ జిప్ కోడ్ కొడితే దగ్గర్లోని ప్యాకులు కనిపిస్తాయి. ఫీజు కట్టే ముందు ఒక మీటింగుకి వెళ్లి చూడండి, పాత యూనిఫాంలు ఉన్నాయేమో అడగండి. డెన్ లీడర్లు కూడా మనలాంటి తల్లిదండ్రులే, ట్రైనింగ్ ఆన్‌లైన్లో ఇస్తారు. ఆసక్తి ఉన్నవాళ్లు ఇప్పుడే నా దగ్గరికి రండి, మాట్లాడుకుందాం.