లైవ్ పిచింగ్ రివ్యూ: యూత్ సాఫ్ట్‌బాల్ ప్రాక్టీస్‌లో ఎంత వాడాలి, ఎక్కడ ఆపాలి?

నమస్తే అండి. ఈసారి రివ్యూ బ్యాటుకి కాదు, గ్లవ్‌కి కాదు. ఒక ప్రాక్టీస్ పద్ధతికి. లైవ్ పిచింగ్. మన టీమ్ పిచరే (బంతి వేసే అమ్మాయి) మైదానం మధ్యలోని సర్కిల్‌లో నిలబడి, మ్యాచ్‌లో వేసినట్టే చెయ్యి పూర్తిగా తిప్పి, మన బ్యాటర్లకే బంతులు వేయడం.

దీని మీద యూత్ కోచ్‌లు రెండు జట్లుగా చీలిపోయి ఉంటారు. ఒకళ్లు "ఇది లేనిదే ప్రాక్టీసే కాదు" అంటారు. ఇంకొకళ్లు "టైమ్ దండగ, ఒకమ్మాయి ఆడుతుంటే మిగతావాళ్లంతా గడ్డి పీక్కుంటూ కూర్చుంటారు" అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ ఇద్దరూ వదిలేసే విషయం ఒకటుంది. లైవ్ పిచింగ్ స్వింగ్ నేర్పదండీ. టైమింగ్ నేర్పుతుంది, ఏ బంతి వదిలేయాలో నేర్పుతుంది. మోచెయ్యి ఎక్కడుంది, నడుము తిరుగుతుందా లేదా అని దిద్దడానికి ఆ పిచర్ చేతిని వాడుకున్నారంటే స్వింగూ బాగుపడదు, ఆ అమ్మాయి చెయ్యీ మిగలదు. స్వింగ్ దిద్దడానికి టీ ఉంది. బంతి కదలకుండా స్టాండ్ మీద కూర్చుంటుంది, తీరిగ్గా దిద్దుకోండి.

సరే, టైమింగ్ అని అంత గట్టిగా ఎందుకంటున్నానో చూద్దాం. అమెరికా యూత్ ఫాస్ట్‌పిచ్‌లో (కింద చేత్తో వేగంగా బంతి వేసే సాఫ్ట్‌బాల్‌లో) 10 ఏళ్ల లోపు వాళ్లకి పిచింగ్ దూరం మామూలుగా 35 అడుగులు, 12 లోపు వాళ్లకి 40, 14 లోపు వాళ్ల దగ్గర్నుంచి 43. ఇప్పుడు 12 ఏళ్ల లోపు పిచర్ ఒకమ్మాయి గంటకి 50 మైళ్ల వేగంతో వేసిందనుకోండి. సెకనుకి సుమారు 73 అడుగులు. పైగా బంతి వదిలేసరికి ఆ అమ్మాయి కాళ్లతో తోసుకుంటూ కొన్ని అడుగులు ముందుకి వచ్చేసి ఉంటుంది. అంటే బ్యాటర్ చేతిలో ఉండేది అర సెకను, ఒక్కోసారి అది కూడా ఉండదు. ఆ కాస్తలోనే చూడాలి, తేల్చుకోవాలి, తిప్పాలి. బంతి చేతిలోంచి వచ్చాక మొదలెడదాంలే అనుకుంటే అప్పటికే క్యాచర్ గ్లవ్‌లో చప్పుడు వినిపిస్తుంది.

అందుకే మంచి బ్యాటర్ టైమింగ్ బంతితో మొదలవదు, పిచర్ చేతితో మొదలవుతుంది. చెయ్యి పైకి లేచినప్పుడు బరువు వెనక్కి తీసుకుంటుంది, చెయ్యి కిందికి దిగుతుంటే ముందు కాలు వేస్తుంది. ఆ చక్రం చూసి లోపల ఒక తాళం కట్టుకుంటుందన్నమాట.

2004లో ఒక ఆల్‌స్టార్ ఎగ్జిబిషన్ సాఫ్ట్‌బాల్ ఆటలో జెన్నీ ఫించ్ అనే పిచర్, మేజర్ లీగ్ బేస్‌బాల్ స్టార్లు ఆల్బర్ట్ పుహోల్స్‌నీ, మైక్ పియాజానీ స్ట్రైక్ ఔట్ చేసింది, అంటే మూడు స్ట్రైకులతో (కొట్టబోయి తప్పిన, లేదా కొట్టాల్సిన చోటికి వచ్చినా వదిలేసిన బంతులతో) ఔట్ చేసింది. 90 మైళ్లకి పైన వచ్చే బంతుల్ని కొట్టడమే ఉద్యోగంగా ఉన్న మనుషులు వాళ్లు. వాళ్లకి బలం చాలకనా? కాదు. భుజం మీంచి వచ్చే చెయ్యిని వేలసార్లు చూసి తయారైన కళ్లు అవి. నడుము పక్కనుంచి, అంత దగ్గర్నుంచి వచ్చే చెయ్యిని ఆ కళ్లు చదవలేకపోయాయి. అంత పెద్ద ఆటగాళ్లకే చూసిన అనుభవం లేక అలా అయితే, బంతులు విసిరే పిచింగ్ మెషిన్ తప్ప ఇంకేం చూడని పదకొండేళ్ల పిల్ల సంగతి చెప్పక్కర్లేదు.

మెషిన్ దొరికిపోయేది ఇక్కడే. దానికి చెయ్యి లేదు. క్రికెట్ ఆడినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. బౌలింగ్ మెషిన్ ముందు గంటసేపు కవర్ డ్రైవులు కొట్టినవాడు, నెట్స్‌లో నిజం బౌలర్ రనప్ తీసుకుని రాగానే తడబడతాడు కదా, అదే ఇది. మెషిన్‌లో బంతి ఒకే చోటుకి, ఒకే వేగంతో వస్తుంది. నాలుగు బంతులయ్యాక బ్యాటర్ కళ్లతో పని లేకుండా అలవాటు మీద కొట్టేస్తుంది. మ్యాచ్‌లో మొదటి ఛేంజప్ (వేగంగా వేసినట్టే కనిపించి మెల్లగా వచ్చే బంతి) పడగానే ముందే తిప్పేసి, బంతి దాటిపోయాక వెనక్కి తిరిగి చూస్తుంది.

అలాగని మెషిన్ పారేయమనట్లేదు. ఎక్కువ బంతులు కావాలన్నా, బంట్ (బ్యాటు తిప్పకుండా బంతిని మెల్లగా తగిలించడం) ప్రాక్టీసుకైనా, వచ్చే వారం వేగంగా వేసే పిచర్ ఎదురవుతుందని తెలిసినప్పుడు ఆ వేగానికి కళ్లు అలవాటు చేయాలన్నా దానికి సాటి లేదు. బంతి పెట్టే మనిషి ముందు బంతిని పైకెత్తి చూపించి, చెయ్యి ఒక చుట్టు తిప్పి అప్పుడు మెషిన్‌లో వేస్తే సగం లోటు తీరుతుంది. చాలామంది ఆ చిన్న పని కూడా చెయ్యరు, అదేమిటో.

మధ్యలో ఇంకోటి ఉంది, ఫ్రంట్ టాస్. కోచ్ రక్షణ వల (స్క్రీన్) చాటున కూర్చుని దగ్గర్నుంచి కింద చేత్తో వేయడం. ఒక పద్ధతి మాత్రమే ఉంచుకో, మిగతావన్నీ తీసేస్తాం అంటే నేను దీన్నే ఉంచుకుంటాను. లైవ్ పిచింగ్‌ని కాదు. బంతి లోపలికి, బయటికి, మెల్లగా, జోరుగా ఎలా కావాలంటే అలా వేయొచ్చు, ఎవరి భుజమూ అరగదు.

ఇక లైవ్ పిచింగ్ బలాలకి వస్తే, బ్యాటింగ్ కంటే నాకు ఎక్కువ నచ్చేవి మిగతావి. ఫాస్ట్‌పిచ్‌లో పిచర్ చేతిలోంచి బంతి వదిలేదాకా రన్నర్ బేస్ వదలకూడదు, ముందే కదిలితే ఔట్. మరి బేస్ దొంగిలించడానికి (బ్యాటర్ కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరుగెత్తడానికి) ఏ క్షణంలో కదలాలో ఎలా నేర్పుతారు? విజిల్ ఊది నేర్పలేం. ఆ చెయ్యి తుంటి దగ్గరికి వచ్చే క్షణం చూసి కదలడం ఒంటికి పట్టాలి, దానికి నిజం పిచరే కావాలి. ఎడమచేతి వైపు నిలబడి, పరుగు మొదలెడుతూనే బంతి తగిలించే స్లాపర్లదీ అదే కథ. వాళ్ల అడుగులన్నీ పిచర్ చేతి మీదే ఆధారపడి ఉంటాయి.

క్యాచర్ సంగతి చెప్పాలంటే, చిన్న వయసు మ్యాచ్‌ల్లో ఎన్నో పరుగులు హిట్ల వల్ల రావు. బంతి క్యాచర్ దాటి వెనకున్న కంచె (బ్యాక్‌స్టాప్) దాకా పోతే వస్తాయి. నేలకి కొట్టుకుని లేచే బంతిని ఒంటితో అడ్డుకోవడం, మూడో బేస్ మీద రన్నర్ కాచుకుని ఉండగా దాన్ని వెతికి పట్టుకోవడం, ఇవన్నీ లైవ్‌లోనే వస్తాయి. ఫీల్డర్లకీ అంతే. కోచ్ ఫంగో బ్యాటుతో (ఫీల్డింగ్ ప్రాక్టీసుకి వాడే బ్యాటుతో) కొట్టే బంతి ఎటు వస్తుందో అందరికీ ముందే తెలుసు. లైవ్‌లో తెలియదు. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య ఫీల్డర్) మొదటి అడుగు ఎటు వేస్తుందో ఆ ఒక్క గంటలో కనిపించినంతగా మామూలు డ్రిల్స్‌లో కనిపించదు.

ఇప్పుడు అసలు విషయం, పిచర్. ఈ పద్ధతిలో అందరూ మర్చిపోయేది ఈ అమ్మాయినే. "బ్యాటింగ్ ప్రాక్టీస్ చేద్దాం, నువ్వెళ్లి వెయ్యి" అంటారు. ఆ తర్వాత బ్యాటర్లు కొట్టలేకపోతుంటే "కొంచెం మెల్లగా, మధ్యలో వెయ్యమ్మా" అంటారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మెల్లగా వెయ్యమంటే ఆ పిల్ల వేగం ఒక్కటే తగ్గించదు. చెయ్యి మధ్యలో ఆపుకుంటుంది, బంతిని గురి చూసి తోయడం మొదలెడుతుంది, కాళ్లు వాడడం మానేస్తుంది. ప్రైవేట్ కోచ్ నెలల తరబడి దిద్దిన విండ్‌మిల్‌కి (చెయ్యి పూర్తిగా చక్రంలా తిప్పి వేసే పద్ధతికి) మొదటికే మోసం వస్తుంది. మెల్లని బంతులు కావాలంటే ఫ్రంట్ టాస్ ఉంది కదండీ, మీరే వెయ్యండి.

లైవ్ అంటే పిచర్ కూడా గెలవడానికే రావాలి. ఆమెకంటూ ఆ రోజు ఒక పని ఉండాలి. ఇవాళ మొదటి బంతి స్ట్రైక్ వేయాలి, లేదా రెండు స్ట్రైకులయ్యాక ఛేంజప్ వేయాలి. అలాంటిది ఒక్కటి చాలు. ఖాళీ ప్లేట్ మీద క్యాచర్‌కి వేసేటప్పుడు అన్నీ స్ట్రైకులు వేసే అమ్మాయి, బ్యాటర్ నిలబడగానే పక్కకి వేయడం మామూలే. ఆ బెదురు పోవాలంటే ప్రాక్టీస్‌లోనే పోవాలి. తన ఛేంజప్‌కి స్నేహితురాలు గాల్లో బ్యాటు తిప్పడం ఒక్కసారి చూసిందంటే ఆ బంతి మీద వచ్చే నమ్మకం మీరెంత చెప్పినా రాదు.

కానీ లెక్క పెట్టుకోవాలి. టీమ్‌లో 12 మంది ఉన్నారు, ఒక్కొక్కరికి 5 బంతులు అనుకోండి. ఒక్క చుట్టుకే 60. అంతకుముందు వార్మప్ బంతులు వేరే. "కింద చేత్తో వేసేదే కదా, సహజమైన కదలిక, భుజానికేం కాదు" అనే మాట చాలాకాలం నడిచింది. అది నిజం కాదు. విండ్‌మిల్ వల్ల భుజం మీద పడే భారం చిన్నదేం కాదు. పిచర్లకి భుజం ముందు వైపు, బైసెప్స్ మొదట్లో నొప్పి రావడం అందరికీ తెలిసిందే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ పిచర్ యుకికో ఉయెనో రెండు రోజుల్లో 413 బంతులు వేసి బంగారు పతకం తెచ్చింది. అద్భుతం, ఒప్పుకుంటాను. కానీ అది ఏళ్ల తరబడి తయారైన పెద్ద క్రీడాకారిణి ఒలింపిక్ ఫైనల్ కోసం చేసిన పని. దాన్ని చూపించి మంగళవారం ప్రాక్టీస్‌లో పన్నెండేళ్ల పిల్ల చేత వంద వేయించకండి.

నేనైతే ఒక పిచర్‌కి నలుగురో ఐదుగురో బ్యాటర్లు, అంతే. తర్వాత ఇంకో పిచర్. ఆ సమయంలో మిగతావాళ్లలో కొందరు ఫీల్డింగ్‌లో, ఇద్దరు బేసుల మీద, మిగిలినవాళ్లు పక్కన టీ దగ్గర. ఎవరూ గడ్డి పీకరు. ప్రతి బ్యాటర్‌కీ కౌంట్ (బాల్స్, స్ట్రైకుల లెక్క; బాల్ అంటే కొట్టాల్సిన చోటికి రాని, బ్యాటర్ వదిలేసిన బంతి) ఒక బాల్, ఒక స్ట్రైక్ నుంచి మొదలెట్టండి. బంతులు తగ్గుతాయి, ప్రతి బంతికీ విలువ వస్తుంది. టోర్నమెంట్ ముందు రోజు వద్దు, టోర్నమెంట్ అయిన మర్నాడు అసలే వద్దు.

ఇంకో ఉపాయం, ఖర్చు లేనిది. పిచర్ ఎలాగూ బుల్‌పెన్‌లో (పిచర్లు పక్కన వార్మప్ చేసుకునే చోట) క్యాచర్‌కి వేసుకుంటుంది కదా, అప్పుడు ఒక బ్యాటర్‌ని హెల్మెట్ పెట్టి బాక్సులో (బ్యాటర్ నిలబడే చోట) నిలబెట్టండి. కొట్టకూడదు. కాలు వేయాలి, కళ్లతో వెంబడించాలి, బంతి గ్లవ్‌లో పడకముందే "బాల్" అనో "స్ట్రైక్" అనో గట్టిగా చెప్పాలి. అదనంగా ఒక్క బంతి కూడా ఖర్చవదు. లైవ్ పిచింగ్ లాభంలో పెద్ద భాగం ఇక్కడే వచ్చేస్తుందని నా అభిప్రాయం.

10 ఏళ్ల లోపు టీములకి మాత్రం నేను చాలా జాగ్రత్తగా సిఫార్సు చేస్తాను. ఆ వయసులో పిచర్లకి ఇంకా బంతి ఎటు పోతుందో వాళ్లకే తెలియదు. బ్యాటర్ పది బంతులు చూస్తే ఒకటో రెండో కొట్టేలా ఉంటాయి, ఒకటి నడుముకి తగులుతుంది. ఒకసారి గట్టిగా తగిలిన పిల్ల తర్వాత వారాల తరబడి బాక్సులోంచి వెనక్కి జరుగుతూనే ఉంటుంది. వాళ్లకి నేను పెట్టే నియమం ఏంటంటే, పిచర్ నాలుగు బాల్స్ వేస్తే కోచ్ స్క్రీన్ తెచ్చుకుని అదే కౌంట్ నుంచి ఫ్రంట్ టాస్‌తో ముగించాలి. బ్యాటర్ నాలుగు బాల్స్‌కి ఊరికే మొదటి బేస్‌కి నడిచి పోకూడదు, ఏదో ఒకటి కొట్టి వెళ్లాలి.

రక్షణ గురించి బేరాల్లేవు. బ్యాటర్ హెల్మెట్‌కి ఫేస్ గార్డ్, పిచర్‌కి ఫేస్ మాస్క్, మొదటి, మూడో బేస్ దగ్గర ముందుకొచ్చి ఆడేవాళ్లకీ మాస్క్. బంతి వేశాక పిచర్ ప్లేట్‌కి ఎంత దగ్గరగా వచ్చేసి ఉంటుందో ఒకసారి పక్కనుంచి చూడండి. పిచర్ ముందు స్క్రీన్ పెట్టాలా అంటే, పెద్ద వయసు గ్రూపుల్లో గట్టిగా కొట్టేవాళ్లు ఉంటే పెట్టండి. కానీ సాఫ్ట్‌బాల్ కోసమే చేసిన, కింద చెయ్యి వదలడానికి ఖాళీ ఉన్న స్క్రీన్ కావాలి. బేస్‌బాల్ స్క్రీన్ పెడితే దాన్ని తప్పించుకోవడానికి పిల్ల చెయ్యి దారి మార్చేసుకుంటుంది.

మార్కులు అడుగుతారు కాబట్టి చెప్తాను. 12, 14 ఏళ్ల గ్రూపులకి వారానికి ఒకసారి, ఇందాక చెప్పిన పద్ధతిలో వాడితే 10కి 8. 10 ఏళ్ల లోపు వాళ్లకి 5. "నువ్వెళ్లి వెయ్యి, అందరూ ఒక చుట్టు కొడతారు" అనే పద్ధతికి 2, అది కూడా క్యాచర్‌కి ఏదో పని దొరికింది కాబట్టి.

ఒక్క చిక్కు మిగిలింది. టీమ్‌కి నికరంగా వేసే పిచర్ ఒక్కతే ఉంటే? రెండు నష్టాలు. ఆ అమ్మాయి ఎప్పుడూ బ్యాటింగ్ చేయదు. మిగతావాళ్లు ఆమె బంతులకి అలవాటు పడిపోయి, ఛేంజప్ ముందు భుజం ఎలా దించుతుందో కూడా పట్టేసి, ప్రాక్టీస్‌లో వీరుల్లా కొడతారు. కొత్త పిచర్ ఎదురైతే మళ్లీ మామూలే. దీనికి నాకు తెలిసిన మంచి మందు, అదే వయసు ఇంకో టీమ్‌తో కలిసి ఒక ప్రాక్టీస్ పెట్టుకోవడం. వాళ్ల పిచర్ మీ బ్యాటర్లకి, మీ పిచర్ వాళ్ల బ్యాటర్లకి. స్కోర్ రాయొద్దు, అంపైర్ వద్దు, బంతుల లెక్క మాత్రం రాయండి. పక్క టీమ్ కోచ్‌ని అడగడానికి మొహమాటపడకండి, ఆయనకీ మొన్నటి మ్యాచ్‌లో ఇదే తలనొప్పి వచ్చి ఉంటుంది.

ఉంటానండి.