ఆ డబ్బంతా షాకబ్జర్లకేనా? కేటీఎం 390 అడ్వెంచర్ కొనే ముందు ఒక టైలర్ టేపు తెచ్చుకోండి

నమస్తే అండీ. ఈ వీడియో మా బావమరిది పుణ్యం. మొన్న ఆదివారం భోజనాల దగ్గర ఫోన్ ముందు పెట్టి, "బావా, కేటీఎం 390 అడ్వెంచర్‌లో రెండు రకాల బైకులున్నాయి. ఒకటి ఎక్స్, ఒకటి మామూలుది. రెండింటికీ ఇంజన్ ఒకటే. మరి రేటు అంత తేడా ఏంటి? షాకబ్జర్లకేనా?" అన్నాడు. అన్నం చల్లారిపోయింది గానీ మా చర్చ తెగలేదు. అందుకని కెమెరా ముందుకొచ్చా.

ముందు లెక్క చెప్పేస్తా. కొత్త 390 అడ్వెంచర్ మన దేశంలో 2025 జనవరి నెలాఖరున వచ్చింది. అప్పటి ఎక్స్‌షోరూం ధర 3.68 లక్షలు. ఎక్స్ 2.91 లక్షలు. అంటే 77 వేలు తేడా. మొదట్లో ఎక్స్‌కి క్రూజ్ కంట్రోల్ లేదు, కార్నరింగ్ ఏబీఎస్, అంటే మలుపులో బ్రేకు వేసినా చక్రం లాక్ కాకుండా చూసేది, లేదు. అదే ఏడాది అవి కూడా ఇచ్చి 3.03 లక్షలు చేశారు. తేడా 65 వేలకు దిగింది. అంటే ఆ పై డబ్బు ముఖ్యంగా రెండిటికి: ముందు 21 అంగుళాల స్పోక్ చక్రం, అడ్జస్ట్ చేసుకునే సస్పెన్షన్. ఎక్స్‌లో ముందు 19 అంగుళాల అల్లాయ్ వస్తుంది.

ఈ ధరలు ఈరోజువి కావండోయ్. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బళ్లకు జీఎస్టీ 40 శాతం అయింది. ఆన్‌రోడ్ ఎంతో మీ ఊరి షోరూంలోనే అడగండి.

పోటీలో ఎవరున్నారో మీకు తెలుసు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450. 2023 నవంబర్‌లో 2.69 లక్షల నుంచి మొదలైంది. 452 సీసీ, 40 హార్స్‌పవర్, 196 కిలోలు, 17 లీటర్ల ట్యాంకు. కేటీఎం 399 సీసీ, 46 హార్స్‌పవర్, 183 కిలోలు, ట్యాంకు 14.5 లీటర్లు. అన్నట్టు, యూరప్‌లో మిడ్ సైజ్ అడ్వెంచర్ అంటే 700, 800 సీసీ. మనకి 400 అంటేనే మిడ్ సైజ్. మన రోడ్డు వెడల్పుకి, మన జేబుకి అదే సరైన కొలత అని నా అభిప్రాయం.

ఇంజన్ సంగతి ఇంతటితో వదిలేస్తున్నా. దాని మీద వంద వీడియోలున్నాయి. మనం కిందకి చూద్దాం.

బ్రోచర్ తీస్తే అందరికీ మొదట కనిపించేది ట్రావెల్, అంటే చక్రం పైకీ కిందకీ కదలగలిగే దూరం. కేటీఎం ముందు 200 మిల్లీమీటర్లు, వెనక 205. హిమాలయన్ రెండు వైపులా 200. మావాడు అది చూసి, "సమానమే కదా బావా, 5 మిల్లీమీటర్లకి ఎవడేడుస్తాడు" అన్నాడు. ఎవడూ ఏడవడు, నిజమే. కానీ ఆ 200లో నీ బరువుకే ఎంత పోతోంది, మిగిలింది ఎంత, అది ఎంత వేగంగా దిగి ఎంత నిదానంగా లేస్తోంది, ఇవేవీ బ్రోచర్‌లో ఉండవు.

ఒక ఉదాహరణ చెప్తా. నా పాత బండి, పేరెందుకులెండి, డెలివరీ రోజున మెకానిక్ అడిగాడు, "డబుల్స్ వెళ్తారా సార్?" అని. వెళ్తామన్నా. వెనక షాకర్ ప్రీలోడ్, అంటే స్ప్రింగ్‌ని ముందే నొక్కి ఉంచే సర్దుబాటు, చివరి మెట్టుకి బిగించి ఇచ్చాడు. నేను ఎనిమిది నెలలు ఒక్కడినే ఆఫీసుకి తిరిగా. నడుం పట్టేసింది. డాక్టర్‌కి డబ్బులిచ్చా, సీటు మీద గుడ్డ వేసి కుట్టించా, బండినే తిట్టుకున్నా. చివరికి ఓ రోజు మా వీధిలో పాత పేపర్లు కొనేవాడి స్ప్రింగ్ కాటా చూస్తుంటే సంగతి తట్టింది.

ఆ కాటా మీరూ చూసే ఉంటారు. కిలోకి ఒక సెంటీమీటర్ సాగుతుందనుకోండి. ఇప్పుడు ఆ స్ప్రింగ్‌ని ముందే మూడు సెంటీమీటర్లు లాగి కట్టేశామనుకుందాం. మూడు కిలోల దాకా ముల్లు కదలదు. మూడు దాటాక? మళ్లీ కిలోకి ఒక సెంటీమీటరే. స్ప్రింగ్ గట్టిపడలేదు, అదే స్ప్రింగ్. మొదలయ్యే చోటు మారింది, అంతే. ప్రీలోడ్ చేసేది ఇదే. "ప్రీలోడ్ బిగిస్తే బండి స్టిఫ్ అవుతుంది" అని చాలామంది అంటారు. కాదు. బండి ఎత్తు పెరుగుతుంది. ఒంటరిగా కూర్చున్నా కిందకి దిగాల్సినంత దిగదు. దాంతో గుంత వచ్చినప్పుడు చక్రం కిందకి జారి నేలను పట్టుకోవడానికి చోటుండదు. నా నడుంకి జరిగింది అదే.

ఆ దిగే కొలతనే శాగ్ అంటారు. కొలవడానికి కావల్సింది టైలర్ టేపు, ఒక ముక్క ఇన్సులేషన్ టేపు, పక్కన పట్టుకోవడానికి ఒక మనిషి. ఇదిగో, కెమెరా కిందకి దించుతున్నా. ఇదే ఆ పాత బండి, ప్రీలోడ్ ఇప్పుడు వదులు చేసి ఉంది. వెనక చక్రం యాక్సిల్ మధ్య నుంచి నిలువుగా పైకి వెళ్తే ఈ ప్యానెల్ మీద నల్ల టేపు అంటించా చూశారా, ఇది గుర్తు. సెంటర్ స్టాండ్ వేసి చక్రం గాల్లో ఉన్నప్పుడు 62 సెంటీమీటర్లు. స్టాండ్ తీసి, హెల్మెట్, జాకెట్ అన్నీ వేసుకుని నేనొక్కడినే కూర్చున్నా. మా ఆవిడ కొలిచింది: 56.5. అంటే 5.5 సెంటీమీటర్లు దిగింది. ఈ బండి వెనక ట్రావెల్ 18 సెంటీమీటర్లు. అందులో 30 శాతం. ఇలాంటి బళ్లకి ఇంచుమించు ఇదే సరైన లెక్క.

తర్వాత అసలు సినిమా. మా ఆవిడ వెనక ఎక్కింది, రెండు వైపులా బ్యాగులు తగిలించాం. ఈసారి పక్కింటి కుర్రాడు కొలిచాడు: 53. తొమ్మిది సెంటీమీటర్లు! కదలక ముందే సగం ట్రావెల్ అయిపోయింది. మనం 180 మిల్లీమీటర్లకి డబ్బులిచ్చి 90తో ఘాట్ ఎక్కుతున్నాం. పైగా వెనక కుంగితే ముందు లేస్తుంది, హెడ్‌లైట్ కొబ్బరి చెట్ల మీద పడుతుంది, మలుపులో హ్యాండిల్ తేలిపోతుంది. అప్పుడు, ఆ బరువుతో, ప్రీలోడ్ బిగించాలి. బిగించాక 55 వచ్చింది. అంటే ఏడు సెంటీమీటర్లు. పూర్తిగా సరి కాదు గానీ, చాలు.

ఇక్కడే మావాడి ప్రశ్నకి సగం జవాబుంది. ఈ వెనక ప్రీలోడ్ 390 అడ్వెంచర్‌కి ఉంది, ఎక్స్‌కి ఉంది, హిమాలయన్‌కి కూడా ఉంది. దీనికోసం పై డబ్బు అక్కర్లేదు. మరి ఆ డబ్బుకి ఏం వస్తోంది? ముందు ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల పైన రెండు మరలు. ఒక కాలి మీద కంప్రెషన్, రెండో కాలి మీద రీబౌండ్. ఒక్కోటి 30 క్లిక్‌లు. స్పానర్ అక్కర్లేదు, చేత్తోనే తిప్పొచ్చు. వెనక షాకర్‌కి కూడా రీబౌండ్ మర వస్తుంది.

రీబౌండ్ అంటే ఏంటో తెలియాలంటే బ్యాంకుకి వెళ్లండి. గాజు తలుపు పైన డోర్ క్లోజర్ ఉంటుంది కదా. లోపల స్ప్రింగ్, ఆయిలు. ఆయిలు సన్నటి కన్నంలోంచి పోవాలి కాబట్టి తలుపు నిదానంగా మూసుకుంటుంది. పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. వదులు చేస్తే తలుపు దభాల్న కొడుతుంది, మరీ బిగిస్తే సగంలోనే నిలబడిపోతుంది. ఫోర్క్ లోపల జరిగేది అచ్చంగా ఇదే. అణిగేటప్పుడు ఆయిలు పెట్టే అడ్డు కంప్రెషన్. లేచేటప్పుడు పెట్టేది రీబౌండ్.

ఇది మన రోడ్ల మీద ఎక్కడ తెలుస్తుందంటారా? స్పీడ్ బ్రేకర్ మీద కొంత. కోరుకొండ నుంచి గోకవరం వైపు వెళ్తుంటే తెల్లగీత కూడా లేకుండా సడెన్‌గా వచ్చేవి ఉంటాయే, అవి. కానీ అసలు పరీక్ష నాట్ల కాలంలో. ట్రాక్టర్లకు దమ్ము చక్రాలు తగిలించి, విప్పకుండా అలాగే తారు రోడ్డు మీద తోలుకుపోతారు. ఆ ఇనుప రెక్కలు తారులో వరసగా గాట్లు పెడతాయి. అలాంటి గాట్లు మూరకొకటి ఉన్నాయనుకోండి. 40 స్పీడులో వెళ్తుంటే సెకనుకి 11 మీటర్లు, అంటే సెకనుకి 20 దెబ్బలకి పైనే. రీబౌండ్ మరీ నిదానంగా ఉంటే ఒక దెబ్బకి అణిగిన ఫోర్క్ పూర్తిగా లేవకముందే రెండోది తగులుతుంది, తర్వాత మూడోది. అలా అణిగీ అణిగీ ట్రావెల్ అంతా తినేసి, చివరికి కర్రలా బిగుసుకుపోతుంది. మనమేమో "అబ్బా, షాకబ్జర్లు గట్టిగా ఉన్నాయి" అనుకుని స్ప్రింగ్ మీద పడతాం. తప్పు స్ప్రింగ్‌ది కాదు, డోర్ క్లోజర్‌ది. రీబౌండ్ రెండు మూడు క్లిక్‌లు వదిలి అదే దారిలో మళ్లీ వెళ్లి చూడండి, తేడా చేతులకే తెలుస్తుంది. ఆ మర లేని బండికి ఈ అవకాశం లేదు. కంపెనీవాడు ఏది పెడితే అదే.

అలాగని హిమాలయన్ తక్కువదని కాదు. దాని ముందు ఫోర్క్ కూడా షోవా వారి 43 మిల్లీమీటర్ల అప్‌సైడ్ డౌన్ ఫోర్కే. ఒక కాలిలో స్ప్రింగ్, రెండో కాలిలో డ్యాంపింగ్, అంటే ఆ ఆయిలు అడ్డు పని పెట్టారు. తిప్పే మరలు లేవు. కానీ వెనక చూడండి, షాకర్‌కీ, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్‌కీ మధ్య లింకేజీ, అంటే చిన్న మీటల జత, ఉంది. దాని ఉపయోగం ఏంటంటే, పైపైన చిన్న గతుకులకి మెత్తగా ఉండి, లోతుకి వెళ్లేకొద్దీ గట్టిపడుతుంది. కేటీఎం వెనక లింకేజీ లేదు. షాకర్ నేరుగా స్వింగార్మ్‌కి, అదీ ఒక పక్కకి జరిపి పెట్టారు. బరువు తక్కువ, బురదలో గ్రీజు పెట్టాల్సిన బేరింగులు తక్కువ. ఇద్దరు కూర్చుని, సామాను వేసుకుని, నెమ్మదిగా రోజంతా వెళ్లేవాళ్లకి ఆ లింకేజీ మెత్తదనం, 17 లీటర్ల ట్యాంకు నచ్చుతాయి. ఒక్కడే నిలబడి, రాళ్ల దారిలో బండిని అటూ ఇటూ తిప్పేవాడికి 13 కిలోల తేడా సాయంత్రానికి భుజాల్లో తెలుస్తుంది. వనజంగి కొండ దారి లాంటి చోట బండి పడితే, లేపేటప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది.

"తక్కువలో ఏమైనా ఉందా" అనేవాళ్ల కోసం ఒక ముక్క. టీవీఎస్ అపాచీ ఆర్‌టీఎక్స్ 300 ఉంది. 2025 అక్టోబర్‌లో 1.99 లక్షలకి మొదలైంది. 350 సీసీ లోపు కాబట్టి పన్ను తక్కువ. ట్రావెల్ 180. ఎక్కువ తారు, అప్పుడప్పుడు మట్టి అయితే దీన్ని కూడా నడిపి చూడాల్సిందే.

సరే, మళ్లీ మావాడి దగ్గరికి. మనిషి 58 కిలోలు. రోజూ రాజమండ్రిలో ఒక్కడే తిరుగుతాడు. నెలకోసారి మా చెల్లెమ్మతో రంపచోడవరం, మారేడుమిల్లి. ఇంకో సంగతి, మావాడు టైరులో గాలి కూడా చూసుకోడు. పోయిన సంక్రాంతికి నేను గేజ్ పెడితే వెనక టైరు 18 పీఎస్ఐకి పడిపోయి ఉంది. "బాగానే నడుస్తోంది కదా బావా" అన్నాడు. ఇలాంటివాడు 30 క్లిక్‌లు తిప్పుతాడా? వాడి ముఖం మీదే అడిగా. "నువ్వున్నావు కదా" అన్నాడు.

అందుకని నా సలహా ఇది. క్లిక్‌లు తిప్పే ఓపిక లేదంటే ఆ పై డబ్బు ఆ మరలకి పెట్టకండి, ఎక్స్ చాలు. చింతూరు ఘాట్ దాకా తారు మీద 19 అంగుళాల చక్రం చురుగ్గా తిరుగుతుంది. నిజంగా అడవి దార్లు, రాళ్లు, వాగులు మీ వారాంతపు పని అయితే, ఒక మధ్యాహ్నం కూర్చుని ఎన్నో క్లిక్ దగ్గర ఉందో కాగితం మీద రాసుకునే రకం అయితే, పెద్దది తీసుకోండి. అప్పుడు ఆ డబ్బుకి తగ్గ పని జరుగుతుంది. అప్పుడు కూడా ఒకసారి ఒకే మర, రెండే క్లిక్‌లు. నాలుగూ కలిపి తిప్పేస్తే ఏది ఏం చేసిందో తెలియదు. ఎక్కువగా భార్యతో, సామానుతో తిరిగే వాళ్లయితే హిమాలయన్ మీద ఒక పూట గడపండి.

టెస్ట్ రైడ్‌కి ఒక్కరే వెళ్లకండి. వెనక కూర్చునే మనిషిని తీసుకెళ్లండి, టేపు తీసుకెళ్లండి. షోరూంవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

మేం నిన్ననే వెళ్లొచ్చాం. మావాడు ప్రీలోడ్, శాగ్ అని నేను చెప్పినవన్నీ సేల్స్ కుర్రాడికి అప్పజెప్పేస్తున్నాడు. మా చెల్లెమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని బండి పక్కన నిలబడి, వెనక సీటు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. "అన్నయ్యా, ఇవన్నీ సరే. ముందు దీని మీదకి నేనెలా ఎక్కాలో చెప్పండి."

దానికి టేపు దగ్గర జవాబు లేదండీ. వచ్చే ఆదివారం తగ్గు సీటు ఉన్న బండి దొరుకుతుందేమో చూడటానికి మళ్లీ వెళ్తున్నాం.