జీఆర్ఈ: మాక్ టెస్ట్ రాశాకే అసలు చదువు

హోస్ట్: అందరికీ నమస్కారం. విదేశాల్లో పీజీ సీటు కోసం రాసే జీఆర్ఈ పరీక్షకి చదివేవాళ్లలో చాలామంది బాధ ఒకటే. గంటలు గంటలు చదువుతున్నారు, మాక్‌లో స్కోరు మాత్రం కదలట్లేదు. ఏళ్లుగా జీఆర్ఈకి కోచింగ్ ఇస్తున్న ట్యూటర్ ఈరోజు మనతో ఉన్నారు. ఎందుకిలా అవుతుంది మేడమ్?

ట్యూటర్: నమస్తే అండి. మాక్ రాస్తారు, స్కోరు చూసి దిగులుపడతారు, మర్నాడు ఇంకో మాక్ రాస్తారు. తప్పు పోయిన ప్రశ్న దగ్గర మాత్రం ఆగరు. మాక్ రాయడానికి రెండు గంటలు పడితే, దాన్ని విప్పి చూసుకోవడానికి అంతకు రెట్టింపు టైమ్ పెట్టాలంటాను నేను. కాన్సెప్ట్ రాకపోయిందా, ప్రశ్న సరిగ్గా చదవలేదా, టైమ్ చాలలేదా అన్నది సొంత మాటల్లో ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి. "సిల్లీ మిస్టేక్" అని రాసి వదిలేస్తే నేను ఒప్పుకోను.

హోస్ట్: నిజంగానే సిల్లీ మిస్టేక్ అయితే?

ట్యూటర్: అలా రాసుకుంటే రేపు ఏం మార్చుకోవాలో తెలియదు కదండీ. క్వాంట్‌లో, అంటే లెక్కల భాగంలో, రెండింటిలో ఏది పెద్దదో చెప్పమనే కంపారిజన్ ప్రశ్నలు ఉంటాయి. ఒకవైపు ఎక్స్ స్క్వేర్, ఇంకోవైపు ఎక్స్. ఎక్స్ సున్నా కంటే ఎక్కువ అని మాత్రమే ఇచ్చారనుకోండి. చాలామంది 2 వేసి చూస్తారు, 4 వస్తుంది, స్క్వేరే పెద్దదని టిక్ పెట్టేస్తారు. అదే అర వేసి చూడండి. స్క్వేర్ పావు అవుతుంది, అంటే ఎక్సే పెద్దది. 1 వేస్తే రెండూ సమానం. కాబట్టి జవాబు "ఇచ్చిన సమాచారంతో చెప్పలేం" అన్న ఆప్షన్. ఇక్కడ నోట్‌బుక్‌లో రాయాల్సింది "భిన్నం వేసి చూడలేదు" అని. కొన్ని వారాలు ఇలా రాస్తే ఒకే రకం మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మీ మార్కులు ఎక్కువగా అక్కడే పోతున్నాయి.

హోస్ట్: పరీక్ష ఇప్పుడు చిన్నదైంది కదా, ప్రిపరేషన్ కూడా మారాలా?

ట్యూటర్: మారాలి. 2023 సెప్టెంబర్ నుంచి మొత్తం గంటా 58 నిమిషాలే. ఒక వ్యాసానికి 30 నిమిషాలు, ఇంగ్లీషు భాగమైన వెర్బల్‌లో 27 ప్రశ్నలు, క్వాంట్‌లో 27. రెండింటికీ రెండేసి సెక్షన్లు. మొదటి సెక్షన్ ఎంత బాగా చేశారన్నదాన్ని బట్టి రెండోది ఎంత కష్టంగా ఇవ్వాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. క్వాంట్ మొదటి సెక్షన్‌లో 12 ప్రశ్నలకు 21 నిమిషాలు. మొండికేసిన ప్రశ్నతో కుస్తీ పట్టకుండా మార్క్ చేసి ముందుకెళ్లండి, ఆ సెక్షన్ ముగిసేలోపు వెనక్కి రావచ్చు. ఇది పరీక్ష రోజున హఠాత్తుగా రాదు, ఇంట్లో ప్రతి మాక్‌లో అలవాటు చేసుకోవాలి. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలొద్దు.

హోస్ట్: వెర్బల్ అంటేనే చాలామందికి టెన్షన్.

ట్యూటర్: పదాల జాబితాలు బట్టీ పట్టడం వల్లే సగం టెన్షన్. పదాన్ని వాక్యంలో చూసి నేర్చుకోండి. ఒకే ఖాళీకి ఒకే అర్థం వచ్చే రెండు పదాలు ఎంచుకోమనే ప్రశ్నలను సెంటెన్స్ ఈక్వివలెన్స్ అంటారు. వాటిలో రెండు పదాలూ సరిగ్గా ఎంచుకుంటేనే మార్కు, ఒకటి కరెక్టయితే ఏమీ రాదు. అందుకే ఆప్షన్లు చూడకముందే ఖాళీలో ఏ అర్థం రావాలో మీరే అనుకోండి.

హోస్ట్: స్కోరు తగ్గితే?

ట్యూటర్: కంగారు పడొద్దు. 21 రోజుల తర్వాత మళ్లీ రాయొచ్చు, ఏ స్కోరు పంపాలో మీరే ఎంచుకోవచ్చు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. పరీక్ష పెట్టే ఈటీఎస్ సంస్థ వాళ్లే పవర్‌ప్రెప్ అనే తమ ఆన్‌లైన్ ప్రాక్టీస్‌లో రెండు టెస్టులు ఉచితంగా ఇస్తారు. అసలు పరీక్షకు బాగా దగ్గరగా ఉండేవి అవే. రెండూ మొదటి వారంలోనే రాసేయకండి. ఒకటి మొదట్లో, ఇంకోటి పరీక్షకు వారం పది రోజుల ముందు, మీ స్లాట్ ఏ టైమ్‌కి ఉందో ఆ టైమ్‌కే, మధ్యలో లేవకుండా రాయండి.