కొన్న టీవీ మనదేనా? ఒక అప్‌డేట్ తర్వాత మా ఇంట్లో జరిగింది

అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు వీడియోలో అన్‌బాక్సింగ్ లేదు, ఆఫర్ లింకులు లేవు. మా ఇంట్లో ఉన్న పాత టీవీ గురించి, మా నాన్న ఫోన్ గురించి మాట్లాడాలి. కొన్ని రోజులుగా ఇదే మనసులో తిరుగుతోంది.

మా అమ్మ తెల్లవారకముందే లేస్తుంది. పాలు పొయ్యి మీద పెట్టి టీవీ ఆన్ చేస్తుంది. ఎస్వీబీసీలో కొండ మీద సుప్రభాతం వినపడాలి, అంతే. టీవీ కొన్నప్పుడు నేనే సెట్ చేసి ఇచ్చాను. ఆన్ చేస్తే నేరుగా సెట్‌టాప్ బాక్స్ వచ్చేది, రాత్రి ఏ ఛానల్ పెట్టి కట్టేస్తే పొద్దున అదే ఉండేది. మూడేళ్లు అలాగే నడిచింది. అమ్మకు తెలిసింది ఒకటే ఎర్ర బటన్, దాంతోనే పని అయిపోయేది.

ఒక రాత్రి ఆ టీవీ తనంతట తానే అప్‌డేట్ అయింది. పొద్దున ఆన్ చేస్తే స్క్రీన్ నిండా సినిమా పోస్టర్లు. పైన ఏదో సిరీస్ ట్రైలర్ గట్టిగా సౌండ్‌తో నడుస్తోంది. ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు. అమ్మ కంగారుపడి రిమోట్‌లో ఏవేవో నొక్కింది. చివరికి నన్ను లేపి అడిగింది: "ఏందిరా నాయనా ఇది, రాత్రి దాకా బానే ఉండె గదా. నేనేమన్నా ఒత్తేసినానా?"

ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. తప్పు చేసింది కంపెనీ, భయపడింది మా అమ్మ. మన ఇళ్లలో పెద్దవాళ్లందరిదీ ఇదే పరిస్థితి. ఫోన్లో గానీ టీవీలో గానీ ఏదైనా మారితే, తామే పాడుచేశామని అనుకుంటారు. పిల్లలు తిడతారేమోనని రెండు రోజులు చెప్పకుండా ఉంటారు కూడా.

ఆ పొద్దున నేను కూర్చుని లెక్కపెట్టాను. హోమ్ స్క్రీన్ నుంచి సెట్‌టాప్ బాక్స్‌కు వెళ్లాలంటే పోస్టర్ల వరసలన్నీ దాటి కిందికి వెళ్లాలి, కుడివైపు జరగాలి, ఓకే నొక్కాలి. మొత్తం ఏడుసార్లు. ఏడు బటన్లు, అదీ కళ్లజోడు పెట్టుకుని, పొయ్యి మీద పాలు పొంగేలోపు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. అది కొత్త ఫీచర్ సార్ అన్నారు. పాతది మళ్లీ పెట్టుకోవచ్చా అంటే, కుదరదు సార్ అన్నారు. ప్రకటనలు ఆపే ఆప్షన్ ఉందా అంటే, మా మోడల్‌లో లేదట. కంపెనీ పేరు చెప్పను. ఈ పని ఒక్క కంపెనీ చేసేది కాదు కాబట్టి, పేరు చెబితే మిగతావాళ్లు మంచివాళ్లని అనుకుంటారు.

నేను అడుగుతున్నది చాలా చిన్న విషయం. డబ్బు కట్టాను, బిల్లు ఉంది, వస్తువు మా హాల్లో గోడకు ఉంది. కొన్న రోజు ఆ డబ్బా మీద ఎక్కడా, మూడేళ్ల తర్వాత మీ స్క్రీన్‌ను ప్రకటనలకు అద్దెకు ఇస్తాం అని రాయలేదు. ఇల్లు అమ్మినవాడు మూడేళ్లకు తాళం తీసుకుని వచ్చి, వాకిట్లో హోర్డింగ్ కట్టి వెళితే ఊరుకుంటామా? టీవీ విషయంలో మాత్రం ఎందుకు ఊరుకుంటున్నాం?

ఇలా ఎందుకు చేస్తారో కూడా చెబుతాను. టీవీ అమ్మకంలో లాభం చాలా తక్కువ. అందుకని అమ్మిన తర్వాత సంపాదించే దారి వెతుక్కున్నారు: ప్రకటనలు, మనం ఏం చూస్తున్నామనే సమాచారం. చాలా స్మార్ట్ టీవీల్లో ఏసీఆర్ అనేది ఉంటుంది, ఆటోమేటిక్ కంటెంట్ రికగ్నిషన్. తెర మీద కనపడే బొమ్మ లేదా వినపడే శబ్దం నుంచి చిన్న చిన్న నమూనాలు తీసుకుని, అది ఏ కార్యక్రమమో పోల్చి గుర్తుపడుతుంది. యాప్‌లోనే చూడక్కర్లేదు. కేబుల్, సెట్‌టాప్ బాక్స్ ద్వారా చూసినా పట్టుకోగలదు. అమెరికాలో విజియో అనే కంపెనీ దాదాపు 1.1 కోట్ల టీవీల్లో సరైన అనుమతి లేకుండా ఇదే పని చేసిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే, 2017లో ఆ కంపెనీ 22 లక్షల డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది.

మీ టీవీ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అనే చోటుకి వెళ్లి చూడండి. వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్, వ్యూయింగ్ డేటా లాంటి పేరుతో ఉంటుంది. ఆఫ్ చేసేయండి, టీవీకి ఏమీ కాదు. గూగుల్ టీవీ సాఫ్ట్‌వేర్ ఉన్న సెట్లలో అయితే 'యాప్స్ ఓన్లీ మోడ్' ఉంది. దాన్ని ఆన్ చేస్తే హోమ్ స్క్రీన్‌లో సిఫార్సులు పోయి యాప్‌లు మాత్రం మిగులుతాయి. మా టీవీ ఆ రకం కాదు.

ఇక నాన్న ఫోన్.

కొని నాలుగేళ్లు. స్క్రీన్ మీద గీత లేదు. కాల్స్, వాట్సాప్, పేపర్ చదవడం, ఇవే ఆయన పనులు. ఈమధ్య మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోంది, వెనక మూత కొంచెం లేచింది. గాంధీ రోడ్డు పక్క సందులో రిపేర్ షాపుకు తీసుకెళ్లాను. షాపబ్బాయి ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టి వేలితో తట్టాడు, మూత ఊగింది. హీట్ గన్‌తో అంచులు వేడిచేసి, పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, చుట్టూ కొంచెం కొంచెంగా కోసుకుంటూ వచ్చాడు. మూత తీస్తే బ్యాటరీ దిండులాగా ఉబ్బి ఉంది. దాన్ని జిగురుతో అంటించారు. లాగితే చిరిగి మంట రావచ్చని, అంచున నాలుగు చుక్కలు స్పిరిట్ పోసి జిగురు నానేదాకా ఆగాడు. ఆ పదిహేను నిమిషాలూ ఆ అబ్బాయి ఊపిరి బిగబట్టి పనిచేశాడు. నేనూ అంతే.

"అన్నా, మారుస్తా గానీ కంపెనీ బ్యాటరీ నాకు దొరకదు. లోకల్ది వేస్తే గ్యారంటీ ఇయ్యలేను" అన్నాడు. కంపెనీ సర్వీస్ సెంటర్లో ముందే అడిగి ఉన్నాను. ఆ మోడల్‌కు స్టాక్ లేదు, ఎప్పుడొస్తుందో తెలియదు, ఎక్స్ఛేంజ్‌లో కొత్తది తీసుకోండి అన్నారు.

లిథియం అయాన్ బ్యాటరీ అరిగిపోయే వస్తువు. చెప్పుల అడుగు అరిగినట్టే. ఫోన్ బ్యాటరీలు మామూలుగా 500 నుంచి 800 ఫుల్ చార్జింగ్‌లకు వాటి సామర్థ్యంలో 80 శాతానికి వచ్చేస్తాయి. వేడి తగిలితే ఇంకా త్వరగా. మే నెలలో మన తిరుపతి ఎండ ఎట్లా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అరుగుతుందని తయారుచేసేవాళ్లకు తెలుసు. తెలిసీ దాన్ని జిగురుతో అంటించి, విడిగా దొరకకుండా చేస్తే ఫోన్ వయసు బ్యాటరీ వయసే అవుతుంది. శాంసంగ్ గెలాక్సీ ఎస్24, గూగుల్ పిక్సెల్ 8 వచ్చినప్పటి నుంచి 7 ఏళ్ల అప్‌డేట్లు ఇస్తామంటున్నారు. మంచి మాటే, సంతోషం. కానీ ఆ 7 ఏళ్లలో బ్యాటరీ కనీసం ఒకసారైనా మార్చాలి కదా. ఫోన్ కొనేముందు అప్‌డేట్లు ఎన్నేళ్లో అడిగినట్టే, బ్యాటరీ ఎన్నేళ్లు దొరుకుతుందో, మార్చడానికి ఎంతవుతుందో కూడా అడగండి.

నాకు ఇంకా బాధ కలిగించేది, ఇది ఎక్కడో దూరదేశం వస్తువు కాకపోవడం. మన జిల్లాలోని శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఫాక్స్‌కాన్ కంపెనీ 2015లోనే ఫోన్లు తయారుచేయడం మొదలుపెట్టింది. తిరుపతి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లోనే మునోత్ కంపెనీ ఫోన్ బ్యాటరీల్లో వాడే లిథియం అయాన్ సెల్స్ ఫ్యాక్టరీ పెట్టింది. మన పిల్లలు పొద్దున్నే బస్సులెక్కి ఆ ఫ్యాక్టరీలకు పోతున్నారు. ఫోన్లూ బ్యాటరీ సెల్సూ తయారయ్యే జిల్లాలో ఒక రిపేర్ షాపబ్బాయికి అసలు బ్యాటరీ ఎందుకు దొరకదు?

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి రూల్ పెట్టారు. ఫోన్ మోడల్ అమ్మకాలు ఆగిన తర్వాత కూడా 7 ఏళ్లు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి. బ్యాటరీ 800 చార్జింగ్‌ల తర్వాత కూడా 80 శాతం నిలవాలి. మన దగ్గర 2022 డిసెంబర్‌లో కేంద్రం 'రైట్ టు రిపేర్', అంటే బాగుచేయించుకునే హక్కు, పేరుతో పోర్టల్ పెట్టింది. కంపెనీలు అందులో సర్వీసు వివరాలు పెడతాయి. పోర్టల్ మంచిదే, కానీ స్టాక్ లేదన్న సర్వీస్ సెంటర్ చేత స్టాక్ తెప్పించేది చట్టమే. ఆ చట్టం మనకూ రావాలి.

నేను టెక్నాలజీకి వ్యతిరేకిని కాదు. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలమ్మే ఒక అక్క బుట్ట పక్కన సౌండ్ బాక్స్ పెట్టుకుంటుంది. ఆమెకు చదువు రాదు. చేతులు మల్లెపూలు కడుతూనే ఉంటాయి, బాక్స్ తెలుగులో ఎంత వచ్చిందో చెబుతుంది, ఆమె తలూపి మూర అందిస్తుంది. ఎవరైనా ఫోన్ చూపించి డబ్బు వేశానన్నా, బాక్స్ పలికేదాకా పూలు ఇవ్వదు. నెలకు అద్దె కడుతుంది, దానికి తగ్గ పని జరుగుతోంది. దాంట్లో పోస్టర్లు రావు, నిన్న పనిచేసినట్టే ఈరోజూ పనిచేస్తుంది. మా అమ్మ టీవీ నుంచి నేను కోరుకున్నది కూడా ఇంతే.

2023 నవంబర్ 30న మన వినియోగదారుల రక్షణ అథారిటీ 'డార్క్ ప్యాటర్న్స్' అని 13 రకాల మోసపు డిజైన్లను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. అడగకుండా కార్ట్‌లో వస్తువు చేర్చడం, వద్దన్నా మళ్లీ మళ్లీ అడగడం, సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసే దారి దాచిపెట్టడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. అమ్మిన తర్వాత అప్‌డేట్‌తో ప్రకటనలు తెచ్చిపెట్టడం కూడా అందులోకి రావాలని నా అభిప్రాయం. అందుకే 1915 నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. బిల్లు, అప్‌డేట్ ముందు తీసిన ఫోటో ఒకటి, తర్వాత తీసిన ఫోటో ఒకటి జతచేశాను. ఇంకా జవాబు రాలేదు. రాగానే అది మీకు చూపిస్తాను.

నాన్న ఫోన్‌కు లోకల్ బ్యాటరీనే వేయించాం. వారం నుంచి బాగానే ఉంది. రాత్రిపూట తల దగ్గర పెట్టుకుని చార్జింగ్ పెట్టొద్దని మాత్రం చెప్పాను.

టీవీకి వైఫై తీసేశాను. ఇప్పుడు పోస్టర్లున్న చోట ఖాళీ గళ్లు కనపడుతున్నాయి. రిమోట్‌లో సోర్స్ బటన్ ఒకసారి, ఓకే ఒకసారి నొక్కితే సెట్‌టాప్ బాక్స్ వస్తుంది. చీకట్లో తెలియడానికి ఆ రెండు బటన్ల మీద అమ్మ పెట్టుకునే స్టిక్కర్ బొట్లు అంటించాను. ఈరోజు పొద్దున నేను లేచేసరికి సుప్రభాతం వినపడుతోంది.

మీ ఇంట్లో టీవీ గానీ ఫోన్ గానీ అప్‌డేట్ తర్వాత ఇలా మారిపోయి ఉంటే, మోడల్ నంబర్, కొన్న సంవత్సరం, ఏం మారిందో కామెంట్లో రాయండి. అన్నీ ఒకచోట రాసుకుని నా ఫిర్యాదుకు జతచేస్తాను.