పాస్‌వర్డ్ సరైనదే, కంప్యూటర్ మాత్రం లోపలికి రానివ్వడం లేదు

(ఫోన్-ఇన్ కార్యక్రమం లిఖిత రూపం, హైదరాబాద్)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. లాగిన్ తెర దగ్గరే ఆగిపోయే కంప్యూటర్ ఈ వారం మన విషయం. హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా కంప్యూటర్ల మరమ్మతు చేస్తున్న నిపుణురాలు స్టూడియోలో మనతో ఉన్నారు. మేడమ్, ఈ ఇబ్బందితో వచ్చేవారిని మీరు మొట్టమొదట ఏమడుగుతారు?

నిపుణురాలు: తెరమీద ఏ వాక్యం కనబడుతోందో ఉన్నది ఉన్నట్టు చదవమంటాను. "పాస్‌వర్డ్ తీసుకోవడం లేదు" అని అందరూ ఒకే మాట చెబుతారు కాని, ఆ మాట వెనుక మూడు నాలుగు వేర్వేరు జబ్బులు ఉంటాయి. పాస్‌వర్డ్ తప్పని చెప్పడం వేరు, పాస్‌వర్డ్‌ను ఒప్పుకుని కూడా తిరిగి అదే తెరకు పంపడం వేరు, విండోస్ మొదలుకాకముందే నీలితెర మీద 48 అంకెలు అడగడం వేరు. ఒకదానికి చేయవలసిన వైద్యం ఇంకొకదానికి చేస్తే, క్షేమంగా ఉన్న ఫైళ్లు కూడా పోతాయి.

వ్యాఖ్యాత: మొదటి ఫోన్ చిక్కడపల్లి నుంచి. చెప్పండి సార్.

శ్రోత (చిక్కడపల్లి): నమస్కారమమ్మా. నేను తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. నిన్న రాత్రి ఒక వ్యాసం టైపు చేసి కంప్యూటర్ ఆపాను. పొద్దున్నుంచి పాస్‌వర్డ్ తప్పు అంటోంది. ఆరేళ్లుగా అదే పాస్‌వర్డ్, మరచిపోయే ప్రశ్నే లేదు. క్యాప్స్ లాక్ కూడా చూసుకున్నాను.

నిపుణురాలు: మాస్టారూ, తెలుగు ఏ కీబోర్డుతో టైపు చేస్తారు? కంప్యూటర్ ఇప్పుడు మీ ఎదుటే ఉందా?

శ్రోత: ఎదుటే ఉంది. ఇన్‌స్క్రిప్ట్ అలవాటు.

నిపుణురాలు: అయితే పాస్‌వర్డ్ పెట్టె ఖాళీ చేసి, ఆంగ్లపు హెచ్ మీట ఒక్కటి నొక్కండి. పెట్టె చివర కన్ను బొమ్మ వస్తుంది, దాన్ని నొక్కి పట్టుకుని ఏ అక్షరం కనబడుతోందో చెప్పండి. మీ అసలు పాస్‌వర్డ్‌ను మాత్రం దయచేసి ప్రసారంలో చదవకండి.

శ్రోత: ఉండండమ్మా… "ప" అని కనబడుతోంది!

నిపుణురాలు: ఇన్‌స్క్రిప్ట్‌లో హెచ్ మీట మీద ఉండేది "ప", దాని పక్కన జె మీట మీద "ర". మీ పాస్‌వర్డ్ సరైనదే, కాని కంప్యూటర్ దాన్ని తెలుగులో వింటోంది. అక్షరాల బదులు చుక్కలే కనబడతాయి కనుక ఈ సంగతి మనకు తెలియదు. విండోస్ మీటను పట్టుకుని స్పేస్ బార్‌ను ఒకసారి నొక్కితే భాష మారుతుంది. తెర కింద కుడి మూలన భాష గుర్తు కూడా మారిందో లేదో చూడండి.

శ్రోత: మారింది. ఇప్పుడు కొడుతున్నాను… వచ్చేసిందమ్మా. ఇంత చిన్న విషయానికి రేపు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి మోసుకెళ్దామనుకున్నాను.

నిపుణురాలు: ఇది చిన్న విషయమేమీ కాదు, మాస్టారూ. తెలుగులో టైపు చేసే ఇళ్ల నుంచి నాకు తరచుగా వచ్చే ఫిర్యాదు ఇదే. పిన్ అంకెలతో లోపలికి వెళ్లేవారికి ఈ తేడా కనబడదు, ఎందుకంటే అంకెల మీటలు రెండు అమరికలలోనూ మామూలుగానే పనిచేస్తాయి. భాష సరిగానే ఉండి, ఏదో ఒక మీట అరిగిపోయి పడకపోతున్నా సరే, ఈ కన్ను బొమ్మే ఆ సంగతి బయటపెడుతుంది. అప్పుడు అదే మూలన ఉన్న యాక్సెసిబిలిటీ గుర్తును నొక్కి, తెరమీద కీబోర్డు తెప్పించుకుని మౌస్‌తో టైపు చేయవచ్చు.

వ్యాఖ్యాత: తర్వాతి శ్రోత మల్కాజిగిరి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (మల్కాజిగిరి): మాకు చిన్న బొటీక్ ఉంది మేడమ్. లెక్కలన్నీ డెస్క్‌టాప్‌లోనే ఉంటాయి. పాస్‌వర్డ్ మరచిపోతే మా అబ్బాయి ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి మార్చాడు. ఫోన్‌లో కొత్త పాస్‌వర్డ్ పనిచేస్తోంది, కంప్యూటర్‌లో పనిచేయడం లేదు.

నిపుణురాలు: తెరమీద ఏమని ఉందమ్మా?

శ్రోత: "యువర్ డివైస్ ఈజ్ ఆఫ్‌లైన్" అని మొదలై, ఇంకా ఏదో పొడుగ్గా ఉంది.

నిపుణురాలు: ఆ పొడుగు వాక్యంలోనే జవాబు ఉంది. ఈ యంత్రంలో చివరిసారి వాడిన పాస్‌వర్డ్‌తో రమ్మని అది చెబుతోంది. మీరు పాస్‌వర్డ్ మార్చినట్టు మైక్రోసాఫ్ట్ సర్వర్‌కు తెలుసు, మీ డెస్క్‌టాప్‌కు తెలియదు. ఇంటర్నెట్ అందితేనే తెలుస్తుంది. ఈ మధ్య నెట్ కనెక్షన్ ఏమైనా మార్చారా?

శ్రోత: అవును, పోయిన వారమే కొత్తది పెట్టించాం.

నిపుణురాలు: అదే కారణం. లాగిన్ తెర మీద కింద కుడి మూలన నెట్‌వర్క్ గుర్తు ఉంటుంది. అక్కడి నుంచే కొత్త వైఫై పేరు ఎంచుకుని దాని పాస్‌వర్డ్ ఇవ్వవచ్చు, లేదా రౌటర్ నుంచి కేబుల్ తెచ్చి నేరుగా పెట్టవచ్చు. నెట్ వచ్చిన తర్వాత కూడా మొరాయిస్తే తెరమీద తేదీ చూడండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీద ఉండే నాణెం ఆకారపు బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పితే సర్వర్ చూపే భద్రతా పత్రాన్ని కంప్యూటర్ నమ్మదు, అందువల్ల నెట్ ఉన్నా ఖాతాను సరిచూడలేదు. సాధారణంగా అది సీఆర్ 2032 అనే 3 వోల్టుల బ్యాటరీ. గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది.

వ్యాఖ్యాత: ఇప్పుడు కూకట్‌పల్లి నుంచి ఒక శ్రోత. కొంచెం ఆందోళనగా ఉన్నట్టున్నారు. చెప్పండి సార్.

శ్రోత (కూకట్‌పల్లి): మేడమ్, మా అమ్మాయి పీహెచ్‌డీ చేస్తోంది. ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు పాడైతే ఒక దుకాణంలో మార్పించాం. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే నీలితెర వచ్చి రికవరీ కీ అడుగుతోంది. దుకాణంవాళ్లను అడిగితే, ఫార్మాట్ చేయడం తప్ప వేరే మార్గం లేదంటున్నారు. అమ్మాయి థీసిస్ మొత్తం అందులోనే ఉంది.

నిపుణురాలు: ముందుగా ఒక మాట. ఆ ల్యాప్‌టాప్‌ను ఎవరి చేతికీ ఇవ్వకండి, ఎవరు చెప్పినా ఫార్మాట్‌కు ఒప్పుకోకండి. మీ ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, తాళం వేసి ఉన్నాయి, అంతే. ఆ తాళం పేరు బిట్‌లాకర్. డిస్కులోని సమాచారాన్నంతా అది సంకేత రూపంలోకి మార్చి, దాన్ని విప్పే రహస్యాన్ని మదర్‌బోర్డుకు సంబంధించిన టీపీఎం అనే భద్రతా చిప్‌లో దాస్తుంది. రోజూ కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఆ చిప్ అంతా మామూలుగానే ఉందని చూసుకుని, మనకు తెలియకుండానే తాళం తీస్తుంది. బోర్డు మారినప్పుడు పాత చిప్ కూడా దానితోపాటే పోయింది. తన డిస్కును ఎవరో ఊడదీసి వేరే యంత్రంలో పెట్టారని బిట్‌లాకర్ అనుకుంటోంది. దొంగతనం జరిగినా సరిగ్గా ఇలాగే ఉంటుంది కదా!

శ్రోత: మేము అలాంటి తాళం ఎప్పుడూ వేయలేదు మేడమ్.

నిపుణురాలు: మీరు వేయనక్కరలేదు. కొత్త ల్యాప్‌టాప్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెడితే చాలా యంత్రాలలో అది దానంతట అదే పడుతుంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ఇలాంటి యంత్రాలు ఇంకా పెరిగాయి. భద్రత కోసం చేసిన పని మంచిదే కాని, తాళం వేస్తున్నామని ఇంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పకపోవడం నాకు నచ్చని విషయం. అయితే తాళం వేసినప్పుడే దాని రికవరీ కీ నకలు ఆ ఖాతాలో భద్రపడుతుంది. ఆ ల్యాప్‌టాప్‌ను కొన్నప్పుడు మొట్టమొదట ఎవరి ఈమెయిల్‌తో ప్రారంభించారు?

శ్రోత: అమ్మాయి ఖాతాలో వెతికింది. ఏమీ లేదు.

నిపుణురాలు: నేను అడిగింది ఇప్పుడు వాడుతున్న ఖాతా కాదు సార్. అట్ట పెట్టె విప్పిన రోజున ఎవరి ఖాతా ఇచ్చారో గుర్తు తెచ్చుకోండి.

శ్రోత: …కొన్నది నేనే. షోరూమ్‌లో నా ఈమెయిల్‌తోనే మొదలుపెట్టించాను. అమ్మాయికి తర్వాత వేరే ఖాతా పెట్టాం.

నిపుణురాలు: అయితే మీ ఖాతాలో చూడాలి. మీ ఫోన్‌లోనే మైక్రోసాఫ్ట్ ఖాతా పేజీ తెరిచి, పరికరాల విభాగంలో బిట్‌లాకర్ రికవరీ కీలు ఎక్కడున్నాయో చూడండి. నీలితెర మీద కీ ఐడీ అని ఒకటి ఉంటుంది, దాని మొదటి 8 అక్షరాలు మీ ఖాతాలో కనబడే ఐడీతో కలవాలి. కలిసిన ఐడీకి ఎదురుగా ఆరేసి అంకెల చొప్పున 8 గుంపులుగా 48 అంకెలు ఉంటాయి. మీ ఖాతాలోనూ లేకపోతే అమ్మాయి విశ్వవిద్యాలయం ఇచ్చిన ఖాతా ఉందేమో, ఎవరైనా ప్రింట్ తీసి బిల్లుతోపాటు దాచారేమో వెతకండి. ఎక్కడా దొరకకపోతే మాత్రం ఆ డిస్కును నేను కాదు కదా, మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు. ఇది చెప్పడం కష్టంగానే ఉన్నా, డబ్బు తీసుకుని తెరుస్తామనేవారి మాట నమ్మి మీరు ఇంకా నష్టపోకూడదు.

వ్యాఖ్యాత: సార్, మీరు వెతికి మళ్లీ ఫోన్ చేయండి, లైన్ కలుపుతాం. ఈలోగా తార్నాక నుంచి ఒక విద్యార్థి.

శ్రోత (తార్నాక): మేడమ్, నా కంప్యూటర్‌లో విండోస్ కాదు, ఉబుంటు అనే లినక్స్ ఉంది. పాస్‌వర్డ్ ఇవ్వగానే తెర ఒక్క క్షణం నల్లగా మారి, మళ్లీ లాగిన్ తెరే వస్తోంది. తప్పు పాస్‌వర్డ్ ఇస్తే మాత్రం తప్పని చెబుతోంది.

నిపుణురాలు: ఆ రెండో వాక్యం చెప్పడం మంచిదైంది బాబూ. పాస్‌వర్డ్‌తో ఇబ్బంది లేదు, లోపలికి వెళ్లిన తర్వాత డెస్క్‌టాప్ మొదలుకాలేక కూలిపోతోంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే అక్షరాల తెర వస్తుంది. అక్కడ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లి, డీఎఫ్ అని కొట్టి ఒక ఖాళీ విడిచి హైఫన్, హెచ్ కొట్టు. డిస్కు ఎంత నిండిందో చూపిస్తుంది. ఈ మధ్య పెద్ద పెద్ద ఫైళ్లు ఏమైనా దించుకున్నావా?

శ్రోత: ప్రాజెక్టు కోసం డేటాసెట్లు దించాను మేడమ్. చివరి డౌన్‌లోడ్ మధ్యలోనే ఆగిపోయింది.

నిపుణురాలు: అయితే 100 శాతం అని కనబడే అవకాశమే ఎక్కువ. డెస్క్‌టాప్ మొదలుకావడానికి చిన్న చిన్న ఫైళ్లు రాసుకోవాలి. రాసుకోవడానికి చోటు లేకపోతే వెనక్కి వచ్చేస్తుంది. ఆ సగం దిగిన ఫైలును తీసేసి, యంత్రాన్ని తిరిగి ప్రారంభించు. చోటు ఉండి కూడా ఇలాగే జరిగితే, నీ హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఎక్స్‌అథారిటీ అనే ఫైలు ఎవరి పేరుమీద ఉందో చూడు. సుడో, అంటే నిర్వాహకుడి అధికారంతో నడిపే ఆదేశం, పెట్టి ఏదైనా గ్రాఫికల్ ప్రోగ్రామ్ నడిపినప్పుడు ఆ ఫైలు రూట్ అనే నిర్వాహక ఖాతా పేరుమీదికి మారిపోవచ్చు. ఫైలు యజమానిని మార్చే చోన్ (chown) ఆదేశంతో దాన్ని మళ్లీ నీ పేరుమీదికి తెచ్చుకోవాలి.

వ్యాఖ్యాత: కూకట్‌పల్లి శ్రోత మళ్లీ లైన్‌లోకి వచ్చారు.

శ్రోత (కూకట్‌పల్లి): మేడమ్, నా ఖాతాలో రెండు కీలు కనబడ్డాయి. ఒకదాని ఐడీ నీలితెర మీద ఉన్నదానితో కలిసింది. కాని టైపు చేస్తుంటే మూడో గుంపు దగ్గరే ఆగిపోతోంది, తీసుకోవడం లేదు.

నిపుణురాలు: ఆ గుంపులో ఒక అంకె తప్పు పడి ఉంటుంది. ప్రతి గుంపులోని ఆరంకెల సంఖ్య 11తో నిశ్శేషంగా భాగించబడాలి. అందుకే తప్పు ఎక్కడ జరిగిందో యంత్రం అక్కడికక్కడే పట్టుకుంటుంది. ఒకరు చదవండి, ఒకరు టైపు చేయండి.

శ్రోత: 1ని 7 అని చదివాను… ఇప్పుడు తీసుకుంది. మా ఆవిడ మిగతావి కొడుతోంది… మేడమ్, విండోస్ తెర వచ్చింది! కాని అమ్మాయి పిన్ పనిచేయడం లేదంటోంది.

నిపుణురాలు: పనిచేయదు సార్. పిన్ కూడా పాత చిప్‌కే ముడిపడి ఉంటుంది. పాస్‌వర్డ్‌తో వెళ్లమనండి. లోపలికి వెళ్లాక వేరే ఏ పనీ చేయకుండా ముందు థీసిస్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించండి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్‌ను ఒకసారి ఆపి, డిస్కు పూర్తిగా విప్పుకునేదాకా ఆగి, తిరిగి ఆన్ చేస్తే కొత్త బోర్డులోని చిప్‌తో అది ముడిపడుతుంది. అప్పుడు రికవరీ కీ కూడా మారుతుంది. ఆ కొత్త కీని కాగితం మీద రాసి, ఈసారి ల్యాప్‌టాప్ సంచిలో కాకుండా బీరువాలో పెట్టండి.

శ్రోత: పాస్‌వర్డ్ తీసుకుంది మేడమ్. అమ్మాయి పెన్‌డ్రైవ్ వెతుకుతోంది.