వచ్చే నెల రెండో తరగతిలో ఏం చెప్పబోతున్నాం?

సర్పంచ్ గారికి, బడి కమిటీ చైర్మన్ గారికి, పనులు మానుకుని వచ్చిన అమ్మలకు, నాన్నలకు, నాన్నమ్మ తాతయ్యలకు నమస్కారం.

వచ్చే నెల రెండో తరగతిలో తెలుగులో ఒత్తులు, ఇంగ్లిషులో చిన్న వాక్యాలు, లెక్కల్లో అప్పు తెచ్చుకునే తీసివేతలు మొదలవుతాయి. వరసగా చెప్పాలి గానీ, ముందు లెక్కల సంగతే ఎత్తుకుంటాను. పిల్లలు లెక్కలంటే భయపడటం చాలావరకు ఈ తీసివేత దగ్గరే మొదలవుతుంది.

52లోంచి 27 తీయాలి. 2లోంచి 7 పోదు. ఇంటి దగ్గరా ట్యూషన్లోనూ ఏం చెబుతున్నారు? ‘పక్కింట్లో ఒకటి అప్పు తెచ్చుకో’ అంటున్నారు. తెచ్చింది ఒకటైతే 2 పక్కన చేరి 12 ఎలా అయింది? పిల్లవాడికి అంతుబట్టదు, అడగడానికి భయం. తెచ్చింది ఒకటి కాదమ్మా, ఒక పది!

అందుకే ముందు చీపురు పుల్లలు. బెత్తెడు పొడవున 100 పుల్లలు విరిచి, పదేసి లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేయించండి. కట్టలు పిల్లలే కట్టాలి. మీరు కట్టి ఇస్తే వాళ్లకది ఒక వస్తువే, లోపల పది ఉన్నాయని తోచదు. 52 అంటే ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు తీయమంటే రెండే ఉన్నాయి. ఒక కట్ట విప్పుతారు. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు విడివి. అందులో ఏడు తీస్తే ఐదు, నాలుగు కట్టల్లో రెండు తీస్తే రెండు. 25. పక్కన పెట్టిన 27 మళ్లీ కలిపి 52 వచ్చిందో లేదో చూడమనండి. మొదటి వారం పలక మీద లెక్క వద్దు, పుల్లలే. రెండో వారం నుంచి పుల్లలు కదుపుతూ పక్కనే అంకెలు వేస్తారు.

తప్పు చేస్తే కొట్టకండి. దయచేసి కొట్టకండి! ఆ తప్పును చదవండి. 40లోంచి 16 తీయమంటే 24 రావాలి. 36 వచ్చిందంటే, పిల్ల పైదీ కిందిదీ చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసింది. 30 వచ్చిందంటే, సున్నాలోంచి ఏమీ పోదు కాబట్టి సున్నా వేసింది. 34 వచ్చిందంటే, కట్ట విప్పింది గానీ నాలుగును మూడు చేయడం మరిచింది. ఈ మూడో పిల్లకు దాదాపు వచ్చేసినట్టే. మొదటి ఇద్దరికీ మళ్లీ పుల్లలు ఇవ్వాలి. మూడు నోట్‌బుక్కుల్లోనూ ఒకే ఎర్ర ఇంటూ పెడితే ఎవరికి ఏం రాలేదో ఎలా తెలుస్తుంది? మూడో తరగతి దాటేలోపు చదవడం, రాయడం, లెక్కలు ప్రతి బిడ్డకూ రావాలని 2021లో కేంద్ర ప్రభుత్వం నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ పని జరిగేది ఇదిగో, ఇలాంటి తప్పుల దగ్గరే.

మూడంకెల లెక్కలు ఇప్పుడే చేయించకండి. 302లోంచి 145 అంటే మధ్యలో సున్నా ఉంది, ముందు వంద కట్ట విప్పాలి. దానికి ఇంకా టైముంది.

టైమంతా లెక్కలకే పోయింది, ఒత్తులు రెండు ముక్కల్లో చెబుతాను. చాలా ఒత్తులు అక్షరాన్ని పోలే ఉంటాయి, కొన్నిటికి తలకట్టు పోతుందంతే. త, న, మ, య, ర, ల, వ – ఈ ఏడింటికి రూపమే మారిపోతుంది. రోజుకొకటి చాలు. ముందు చెవికి తేడా తెలియాలి: గడి – గడ్డి, గుడి – గుడ్డి, కను – కన్ను. మీరు పలకండి, వాళ్లు ఏది విన్నారో చూపిస్తారు. ‘రాత్రి’ రాసేటప్పుడు గుడి త మీద, ఒత్తు కింద. చాలామంది గుడి మరిచి ‘రాత్ర’ అని రాస్తారు. అప్పుడు రాసింది రాసినట్టే వాళ్లచేత పైకి చదివించండి, తప్పు వాళ్లే పట్టుకుంటారు.

ఆ ఏడు ఒత్తుల చార్టు వరండాలో తగిలించాం, వెళ్లేటప్పుడు ఫోన్లో ఫొటో తీసుకోండి. రబ్బరు బ్యాండ్లు బల్ల మీదున్నాయి, ఇంటికి పది చొప్పున పట్టుకెళ్లండి. ఇంగ్లిషు సంగతి మేడం గారు చెబుతారు.